కంటికి లక్షలు, చెవికి కాసు లేదు

ఇటీవల ఒక మిత్రుడు మా యింటికి వచ్చి తన నోటుపుస్తకమును నా ముందు పెట్టెను. బ్యాంకు ఉద్యోగమునుండి విరమించినవాడు. ఇప్పటికి తీరిక దొరకినది. మంచి వీడియో కెమెరా కొని చిత్రములు తీయవలెనను చిరకాలపు కోరికయు మిగిలియున్నది. ఆ పుస్తకములో 14 కెమెరాల పేర్లు, వాని ధరలు, సెన్సరు కొలతలు, సెకనుకు ఎన్నేసి చిత్రములు తీయగలవో ఆ లెక్కలు, అన్నియు ముత్యములవంటి అక్షరములతో వ్రాసియున్నవి. మొదటినుండి చివరవరకు త్రిప్పి చూచితిని. మైక్రోఫోను అను మాట ఎచ్చటను కానరాలేదు.

“అది కెమెరాలోనే ఉంటుంది గదా?” అనెను.

ఆ మాట ఒకప్పుడు నేనును అన్నవాడనే. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఔత్సాహికునికి అంత ఖరీదుగల కెమెరా ఎందుకని ప్రశ్నించువారున్నారు. నేను వారి పక్షమువాడను కాను. కచేరీ చేయనివాడు మంచి వీణ కొనరాదా? పైగా సినిమావారికిని మనకును నడుమనున్న గోడ ఎన్నడో పలుచబడినది. 2008లో కానన్ వారు 5డి మార్క్ 2 అను ఫోటో కెమెరాలో పూర్తి హెచ్.డి. వీడియో తీయు సదుపాయమును చేర్చిరి. 2010లో ‘హౌస్’ అను అమెరికా టెలివిజను ధారావాహికలో ఒక భాగమును దానితోనే తీసిరి. 2021లో వచ్చిన సోనీ ఎఫ్.ఎక్స్. 3 మన దేశమున మూడు లక్షలకు పైబడిన ధరతో అడుగుపెట్టినది. 2023లో విడుదలయిన ‘ది క్రియేటర్’ అను హాలీవుడ్ చిత్రమునకు ప్రధానమైన కెమెరా అదియే. అట్టి పనిముట్టు ఒక సామాన్య గృహస్థుని చేతికి అందుట ఈ కాలపు భాగ్యమే. చేతనైనవాడు కొనవచ్చును.

కాని కొనువాడు సంఖ్యలకు లోబడును. 4కె అనగా ఒక్కొక్క చిత్రమున 3840 నిలువు వరుసలు, 2160 అడ్డు వరుసలు. వెరసి సుమారు 83 లక్షల బిందువులు. పైన చెప్పిన సోనీ కెమెరా సెన్సరులో ఉన్నవి దాదాపు 1 కోటి 20 లక్షలే. అంగడిలో ఫోనులకు 5 కోట్లు, 20 కోట్లు అని చాటుచుండగా మూడు లక్షల వస్తువునకు ఇంత తక్కువయేమి అని నా మిత్రుడు అనుమానించెను. తక్కువగుటయే అచ్చట గుణము. సెన్సరు పెద్దది, గడులు తక్కువ. కావున ఒక్కొక్క గడి ఎక్కువ వెలుతురును పట్టును. మసక దీపపు గదిలో తేడా తెలియును. ఇక 8కె అనగా 4కెకు నాలుగింతల బిందువులు. మన నట్టింటి టెలివిజనులో దానిని గుర్తుపట్టువాడు ఎవడైన నున్నచో వాని కన్నులకు నమస్కారము.

ఇవన్నియు కంటి సంగతులు. చెవి మాట తలపెట్టకపోయిన ఏమగునో తెలుపుటకు లోకమెరిగిన ఉదాహరణ ఒకటి కలదు. 1963 నవంబరు 22న డల్లాసు నగరములో అధ్యక్షుడు కెనడీ హతుడగుటను ఏబ్రహాం జాప్రూడర్ అను దుస్తుల వ్యాపారి తన సొంత కెమెరాతో తీసెను. బెల్ అండ్ హోవెల్ కంపెనీ చేసిన 8 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరా అది; ఔత్సాహికులు కొనువానిలో మేలురకము. వచ్చినవి 486 చిత్రములు, నడుచు కాలము సుమారు 26 సెకనులు. ఇరువదవ శతాబ్దపు అతిముఖ్యమైన చిత్రములలో ఒకదానిని తీసినవాడు సినిమావాడును కాడు, పత్రికలవాడును కాడు. అయితే ఆ ఫిల్మునకు శబ్దము లేదు. ఆ కాలపు ఇంటి కెమెరాలలో దాదాపు అన్నియు మూగవే కనుక అది అతని లోపము కాదు. కాని తుపాకి ఎన్నిమారులు ప్రేలెను, ఏ క్షణమున ప్రేలెను అను వివాదము తెగలేదు. 1979లో అమెరికా ప్రతినిధి సభా సంఘము పోలీసు రేడియో శబ్దముల రికార్డును ఆధారము చేసికొని ఒక నిర్ణయమునకు వచ్చెను; 1982లో అచ్చటి జాతీయ విజ్ఞాన పరిషత్తు నియమించిన పండితులు ఆ ఆధారము నిలువదని త్రోసివేసిరి. అతనికి ధ్వని పట్టు సాధనము లేదు. మనకున్నది, మనము కొనము.

నా కెమెరాను ఎన్నుకొనుటకు నాకు ఏడాదిన్నర పట్టినది. 2022 వేసవిలో కొంటిని. కొనుటకు కారణము మా పెద్దమేనత్త. అమలాపురము చెంత ఒక పల్లెలో ఉండెడిది. ఎనుబదియారేండ్ల వయస్సున కూడ ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటను పుస్తకము చూడక మొదటినుండి తుదివరకు పాడగలిగినది. ఆ పాట మాటలు అచ్చులో ఉన్నవి, ఎవరైనను చదువుకొనవచ్చును. మా యింటి ఆడువారు ఆ మాటలకు పట్టిన వరుస మాత్రము ఏ అచ్చులోను లేదు. ఆమె గొంతులో ఉన్నది.

కిటికీ ప్రక్కన పీట వేసి కూర్చుండబెట్టితిని. ఎనిమిది అడుగుల దూరమున కెమెరా నిలిపితిని. పైన ఫ్యాను తిరుగుచున్నది.

“ఫ్యాను ఆపమంటావురా?” అని ఆమెయే అడిగినది.

“వద్దత్తయ్యా, ఉక్కగా ఉంది” అంటిని.

తెరపై చూచుకొన్నప్పుడు పరవశుడనైతిని. నుదుటి ముడుతలు, ముక్కుపుడక రాతిలో కిటికీ వెలుగు, పాట తాళమునకు మోకాలిపై మెల్లగా ఆడు వ్రేళ్లు, అన్నియు సజీవముగా ఉన్నవి. ఇంటికి వచ్చి చెవియొగ్గి వింటిని. ఆమె పాడుచున్నంతసేపు గొంతు ఎచ్చటనో వెనుక గదినుండి వచ్చుచున్నట్లున్నది. ఊపిరి తీసికొనుటకు ఆగినప్పుడెల్ల ఫ్యాను మ్రోత పైకి లేచుచున్నది. శబ్దము తగ్గినప్పుడు కెమెరా తనంతట తాను గ్రహణశక్తిని పెంచుకొనునట; అట్లు చేయవలదని ముందే ఆజ్ఞాపించవచ్చును. ఆ ఆజ్ఞ ఎచ్చట ఉన్నదో నాకప్పుడు తెలియదు. మ్రోతను తుడుచు కంప్యూటరు ఉపాయములు ప్రయోగించితిని. ఫ్యాను పోయినది, ఆమె గొంతులోని జీర, గమకము దానితోపాటు పోయినవి. సంక్రాంతికి వెళ్లి మరల తీయవచ్చుననుకొంటిని. కార్తికమాసములో ఆమె కన్నుమూసినది.

కావున మిత్రునికి నేను చెప్పినది ఇది. కెమెరాకు లెన్సుతో చేర్చి మీ సొమ్ములో సగముకంటె పెట్టవలదు. 2022లో వచ్చిన ఎఫ్.ఎక్స్. 30 సెన్సరు చిన్నదే గాని, రంగుల సూక్ష్మతలో అన్నకు తీసిపోదు. వచ్చినప్పుడు ధర అన్నకు దాదాపు సగము. లెన్సు మంచిది కొనుడు. కెమెరాలు మారినను అది నిలుచును. బరువైన మూడుకాళ్ల పీట కొనుడు. ఆ పిదప, మాటాడువాని చొక్కాకు తగిలించు చిన్న మైక్రోఫోను ఒకటి, విడిగా ధ్వనిని పట్టు రికార్డరు ఒకటి కొనుడు. మైక్రోఫోను నోటికి జానెడు దూరమున నుండుట, కెమెరాపై ఎనిమిది అడుగుల దూరమున నుండుట, ఈ రెంటికిని గల అంతరమును ఎన్ని లక్షల కెమెరాయును పూడ్చలేదు. ఎఫ్.ఎక్స్. 3తో వచ్చు పైపిడిలో మంచి మైక్రోఫోనులను తగిలించుటకు రెండు పెద్ద రంధ్రములున్నవి. చేతికి బరువని ఆ పిడిని అట్టపెట్టెలోనే దాచినవారిని నేనెరుగుదును. ఏనుగును కొని అంకుశమును అటకపై పెట్టుట యనగా ఇదియే.

చిల్లర సంగతులు మరి రెండు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన గంట చిత్రము 45 గిగాబైట్ల చోటు తినును; రెండు ప్రతులు దాచవలెను గనుక డిస్కులకు డబ్బు మిగుల్చుకొనుడు. మన విద్యుత్తు 50 హెర్ట్జులది. సెకనుకు 25 చిత్రములు, 50వ వంతు షట్టరు పెట్టినచో ట్యూబులైట్ల కింద తెర మినుకుమినుకుమనదు.

అంగడికి వెళ్లినప్పుడు ఒక్క పని చేయుడని కూడ చెప్పితిని. అచ్చట అందరును తెర చూచి మురియుదురు. హెడ్‌ఫోను అడిగి, పెట్టుకొని, విని కొన్నవానిని నేనింతవరకు చూడలేదు. అడిగిన అమ్మువాడు వింతగా చూచును. చూడనిండు.

మిత్రుడు పుస్తకములో పదునైదవ పుటను మడిచి, పైన “ధ్వని” అని వ్రాసికొని వెళ్లెను. కొనునో లేదో తెలియదు.

మా మేనత్త కూతురు మొన్న ఉత్తరము వ్రాసినది. తల్లి పాటలో సగము తనకు వచ్చుననియు, మిగిలినది నా చిత్రమునుండియే ఎట్లో పట్టుకొనుటకు ప్రయత్నించుచున్నాననియు, వేసవికి రమ్మనియు. వత్తునని జవాబు వ్రాసితిని. గదిలో ఫ్యాను వేయవలదని కూడ వ్రాసితిని.