245 అంటే పుస్తకం పేరు!

అమెరికా యూనివర్సిటీ లైబ్రరీల్లో కేటలాగు రాసేవాళ్లు మాట్లాడుకుంటుంటే బయటివాళ్లకు ముక్క అర్థం కాదు. అన్నీ అంకెలే! 100 అంటే రచయిత. 245 అంటే పుస్తకం పేరు. 650 అంటే విషయం. ఈ అంకెల భాష పేరు 'మార్క్'. కార్డుల మీది వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించడానికి 1960ల్లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ దీన్ని రూపొందించింది. విచిత్రమేమిటంటే, ఆమె లైబ్రేరియన్ కాదు, ప్రోగ్రామర్.

'మార్క్ చావాల్సిందే' అన్న శీర్షికతో రాయ్ టెనెంట్ 2002లోనే వ్యాసం రాశాడు. చచ్చిందా? లేదు!

దానికి పోటీగా వచ్చిందే లింక్డ్ డేటా. శ్రీశ్రీ అని ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు అని మరోచోట ఉంటే కంప్యూటర్ లెక్కలో ఇద్దరు. కాదు, ఒక్కరేనని లైబ్రేరియన్ విడిగా రాసిపెట్టాలి. లింక్డ్ డేటాలో అలా కాదు. మనిషికో వెబ్ చిరునామా ఇచ్చేస్తారు. ఏ పేరుతో వెతికినా అక్కడికే దారి. అక్కణ్నుంచి ఆయన పుస్తకాలకు, అనువాదాలకు, పుట్టిన విశాఖపట్నానికి కూడా. ఈ పద్ధతికి తగ్గట్టు 'బిబ్‌ఫ్రేమ్' అనే నమూనాను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో బయటపెట్టింది.

మరి లైబ్రేరియన్లేమంటున్నారు? వద్దని ఎవరూ అనరు. 'మంచిదే... ముందు పక్కవాళ్లను మొదలుపెట్టనివ్వండి' అంటారు! బల్లమీద కొత్త పుస్తకాల గుట్ట అలాగే ఉంది, మళ్లీ ఓనమాలు దిద్దే తీరికెక్కడిది? లైబ్రరీలు అడిగితే చేస్తామని సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కంపెనీలు చేస్తే వాడతామని లైబ్రరీలు. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు! వీటన్నిటికన్నా గట్టి ప్రశ్న ఇంకోటుంది: 'ఇంత చేస్తే మా విద్యార్థికి అదనంగా కనిపించేదేమిటి?' దీన్ని బద్ధకం కింద కొట్టిపారేయలేం. చూపించాల్సిన బాధ్యత కొత్తదాన్ని తెచ్చినవాళ్లదే.

స్వీడన్ మాత్రం దూకేసింది. అక్కడి యూనివర్సిటీ లైబ్రరీలకు 'లిబ్రిస్' అనే ఉమ్మడి కేటలాగు ఉంది. నడిపేది జాతీయ గ్రంథాలయం. 2018లో దాన్ని లింక్డ్ డేటాకు మార్చేశారు. ఒకచోట తీసుకున్న నిర్ణయం అందరికీ సరిపోయింది. అమెరికాలోనేమో ఏ క్యాంపస్ సాఫ్ట్‌వేర్ ఆ క్యాంపస్ కొనుక్కుంటుంది.

అయినా స్వీడన్‌లోనూ ఓ తిరకాసుంది. లిబ్రిస్‌లో రాసేది కొత్త పద్ధతిలోనే. ఆ వివరాలు పాత సాఫ్ట్‌వేర్ నడిచే లైబ్రరీకి పంపాలంటే మాత్రం... మళ్లీ మార్క్‌లోకి మార్చాల్సిందే. అక్కడికి చేరేసరికి పుస్తకం పేరు మళ్లీ 245!