అందరూ ఓడ దిగినవాళ్ళే

ఒక్క పగటిపూట అడవిలో జలపాతమూ, దీవిలో సముద్రతీరమూ చూసి, రాత్రి భోజనం వేళకు బసకు చేరుకోవచ్చునని ఎవరైనా అంటే నేను నమ్మేవాణ్ణి కాదు. మొన్న డిసెంబరు సెలవుల్లో మారిషస్ వెళ్ళి వచ్చాక నమ్ముతున్నాను. మనకు చలికాలమైతే వాళ్ళకది నడివేసవి. ఖర్చు సంగతి మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న అడగడం మా ఇంట్లోనే మానేశాం.

ఆ దేశపు తూర్పు తీరాన 'త్రూ దో దూస్' అని ఒక పల్లె రేవుంది. ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. మన మాటల్లో మంచినీళ్ళ గుంట అన్నమాట. ఉప్పునీటి ఒడ్డునే తియ్యటి ఊట ఉండబట్టి ఆ పేరొచ్చింది. పొద్దున్నే అక్కడ పడవెక్కితే ముందు దక్షిణంగా పోయి, 'ఆగ్నేయ మహానది' సముద్రంలో కలిసే చోటికి తీసుకువెడతారు. మహానది అన్నాను కదా అని మన గోదావరిని ఊహించుకోకండి. నిడివి 40 కిలోమీటర్లైనా ఉండదు. అయినా ఆ దేశంలో అన్నిటికన్నా పొడుగైన ఏరు అదే.

రెండు పక్కలా చెట్లు కమ్ముకున్న ఇరుకు లోయ. లోపలికి పోగా పోగా నల్లరాళ్ళ మీదనుంచి తెల్లగా దూకుతూ జలపాతం. పెద్ద ఎత్తేమీ కాదు. కాని పడవ మీద తప్ప సులువుగా చేరరాని చోటు గనక చూసినవాడికి ఏదో సాధించాననిపిస్తుంది. చెట్ల మీద కోతులు మాత్రం మన తిరుపతి కోతుల్లాగే మా ఆవిడ సంచీ వైపు చూస్తూ కూచున్నాయి.

తిరుగుదారిలో నాకొక సందేహం వచ్చింది. సముద్రంలో ఉన్నాం, అలలేవీ? సరంగు దూరంగా తెల్లటి నురగ గీతను చూపించాడు. అది పగడపు దిబ్బ. దీవి చుట్టూ ప్రహరీగోడలాగా చాలా మేర ఆవరించుకుని ఉంటుంది. అలలు అక్కడే విరిగిపోతాయి. గోడకు ఇవతల నీళ్ళు చెరువులాగా నిలకడగా ఉంటాయి. ఏరు కలిసే చోట మాత్రం గోడకు గండి. పగడపు జీవికి మంచినీళ్ళూ, ఏరు మోసుకొచ్చే ఒండ్రూ గిట్టవట. అగ్నిపర్వతం కక్కిన నల్లరాతి దీవికి ఒడ్డున ఇసుక మల్లెపూవులా ఉండడానికి కారణమూ ఆ పగడమే. అరిగి అరిగి ఇసకైంది.

మధ్యాహ్నానికి 'ఈల్ ఓ సేర్' చేరాం. జింకల దీవి అని అర్థం. పేరులో తప్ప జింక కనబడలేదు. జింకల్ని డచ్చివాళ్ళు 1639లో జావా నుంచి మారిషస్‌కు తెచ్చారు. చెరుకూ ఆ ఏడే వచ్చింది. పొద్దున్న చూసిన కోతుల పెద్దలూ ఆ వైపు నుంచి ఓడలో వచ్చినవారే. మేం నీడకు కూచున్న సరుగుడు చెట్లూ పైనుంచి తెచ్చినవే. సొంత నేలది అనదగ్గ డోడో పక్షి 17వ శతాబ్దంలోనే అంతరించింది. మనుషుల్లోనూ ఆదివాసులు లేరు. ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చారు. 1835లో బానిసత్వం రద్దయింది. ఆ ముందటి ఏడు నుంచే మనవాళ్ళను చెరుకు తోటల్లో కూలికి తీసుకుపోవడం మొదలైంది. ఇంచుమించు 4,50,000 మంది అలా వెళ్ళారు. తెలుగువాళ్ళు చాలామంది కోరంగి రేవున ఓడెక్కారు గనక అక్కడ మనవాళ్ళకు 'కోరంగీలు' అని పేరు పడింది.

భోజనం దగ్గర మా ఆవిడా నేనూ ఏదో చిన్న విషయానికి తెలుగులో పోట్లాడుకుంటుంటే సరంగు దగ్గరికొచ్చి, "ఆంధ్రా?" అన్నాడు. అరవై దాటిన మనిషి. ఇంట్లో మాట్లాడేది క్రియోల్. తెలుగులో తాత, అమ్మోరు, అప్పన్న, రామభజనం - ఇలా పాతిక మాటలు మిగిలాయి. మిగతాదంతా ఇంగ్లీషులో నడిపించాడు. జేబులోంచి ఫోను తీసి ఒక కాగితం ఫొటో చూపించాడు. తాత చేతిరాతట. రామభజన అని ఇంట్లో అందరూ అనుకుంటూ, దేవుడి దగ్గర పెట్టి ఏటా ఉగాదికి పసుపూ కుంకుమా పెడుతున్నారట. ఫోను మా అమ్మాయి చేతికిచ్చి, "చదువమ్మా" అన్నట్టు చెయ్యి ఊపాడు.

మా అమ్మాయి కాసేపు చూసి, ఫోను నాకందించింది.

అందులో భజన లేదు. ఎడ్లకని ఇచ్చిన అప్పు లెక్క. దాని కింద పిల్లల పేర్లూ, పుట్టిన రోజులూ. పేర్లలో అప్పన్నలే ఎక్కువ. అంటే సింహాచలం వైపు మనుషులన్నమాట. ఒక్కొక్క పేరే చదువుతున్నాను. మూడో పేరు దగ్గర ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అది ఆయన తండ్రి పేరు.

"భజన కాదు మరి, ఏం చేస్తారు?" అన్నాను, ఏమనాలో తోచక.

"అక్కడే ఉంటుంది, దేవుడి దగ్గరే" అన్నాడు. తన మనవరాలు సర్కారు బడిలో తెలుగు నేర్చుకుంటోందనీ, ఇంకా గుణింతాల్లోనే ఉందనీ చెప్పాడు. తరవాత మర్యాదకే మా అమ్మాయినడిగాడు, నువ్వు ఏం చదువుతున్నావని.

ఇక్కడ నేను దాచవలసింది దాచకుండా చెప్పాలి. మా అమ్మాయి ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా తెలుగు తీసుకోలేదు. సంస్కృతం తీసుకుంది. మార్కులు ధారాళంగా పడతాయని ఆ సలహా ఇచ్చింది తెలుగు ఎమ్మే చదివి, తెలుగు పాఠాలు చెప్పుకు బతికే ఈ తండ్రే. అచ్చయితే కూడబలుక్కుంటుంది. చేతిరాత ఆమెకు అడవే. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన దేశంలో, సరుగుడు చెట్ల కింద నాకు తలెత్తడానికి కొంచెం వ్యవధి పట్టింది.

పడవలో తిరిగి వస్తున్నంతసేపూ అమ్మాయి మాట్లాడలేదు. రేవు దగ్గరపడుతుండగా, "మన తాతయ్య ఉత్తరాలు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి కదూ, నాన్నా?" అంది.

ఉన్నాయి. ఇప్పుడు ఆదివారానికొక ఉత్తరం చొప్పున తానే చదువుతోంది. నేను అందివ్వకూడదని షరతు. మొదటి ఉత్తరానికి గంటన్నర పట్టింది. అందులో ఉన్నదల్లా ఆ ఏటి మామిడికాయల ధర.