తుంటి ఆపరేషన్‌కు ముందటి ఆరు వారములు

తుంటి కీలు మార్పిడికి సహాయమడుగుచు మన సంఘములకు అర్జీలు వచ్చుచున్నవి. వానిలో ఆసుపత్రి ఖర్చు ఉండును, కృత్రిమ కీలు ధర ఉండును, మందుల చీటీలు జతపరచబడి ఉండును. ఆపరేషన్ తేదీకి ముందు ఆ మనిషి ఏమి చేయుచున్నాడో, అందుకేమి కావలెనో వ్రాసిన అర్జీ మాత్రము మాకు కనబడలేదు. సహాయమిచ్చు పెద్దలును అడుగుటలేదు. ఈ లోపమును గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచినాము.

సామాన్యముగా జరుగునదేమన, డాక్టరుగారు నెలకో రెండు నెలలకో తేదీ ఇత్తురు. ఆనాటినుండి ఇంటివారు ఆ మనిషిని మంచమునకు అప్పగింతురు. "నువ్వు కదలకు నాయనా, అన్నీ మేము చూచుకొందుము" అందురు. ప్రేమతోనే అందురు. కాని ఆ నెల రెండు నెలలలో తొడ కండ, పిరుదు కండ కరగిపోవుచుండును. పిరుదు ప్రక్కభాగమున ఒక కండరము కలదు. మనము ఒంటికాలిపై నిలిచినపుడు నడుము రెండవ వైపునకు ఒరగకుండ పట్టి ఉంచునది అదియే. తుంటి అరిగినవారు నడుచునపుడు ఒక ప్రక్కకు ఊగుట చూచియే ఉందురు. నొప్పితోపాటు ఈ కండరము బలహీనపడుటయు అందుకొక కారణము. సర్జను గారు కొత్త కీలు అమర్చగలరు గాని కొత్త కండను అమర్చలేరు. ఆ కండ రోగి తన వెంట ఆసుపత్రికి తీసికొని పోవలసినదే.

ఒంటి నూలు పడుగును గంజి పెట్టకుండ మగ్గమున కెక్కించు నేతగాడు మనలో లేడు. ఎక్కించినచో పోగులు తెగి, నేసిన గంటలకంటె అతికిన గంటలే ఎక్కువగును. నూలు విషయమున ఇంత జాగ్రత్త గలవారము, ఒంటి విషయమున తయారీ యన్న మాటనే తలపకున్నాము.

ఈ చికిత్స చరిత్రను కొంచెము చెప్పవలసియున్నది. నేటి తుంటి మార్పిడికి దారి వేసినవాడు ఇంగ్లండులోని జాన్ చార్న్లీ అను శస్త్రవైద్యుడు. 1962లో రైటింగ్టన్ ఆసుపత్రిలో ఉక్కు బంతిని గట్టి పాలిథీన్ గిన్నెలో తిరుగునట్లు అమర్చి ఆయన విజయము సాధించెను. ఆ ఆసుపత్రి లంకాషైరులోనిది. ఒకనాడు మన మగ్గముల నోట మన్ను కొట్టిన లంకాషైరు నుండియే మన తుంటికి మందు వచ్చినది! తొలిరోజులలో ఆపరేషన్ అయినవారిని చాలదినములు మంచముననే ఉంచెడివారు. ఇప్పుడట్లు కాదు. అదే రోజో మరునాడో లేపి నిలబెట్టి, వాకరు చేతికిచ్చి నడిపింతురు. కొద్ది దినములలో ఇంటికి పంపుదురు. రక్తము గడ్డకట్టకుండుటకును, ఊపిరితిత్తులు బాగుండుటకును ఇదియే మంచిది. అయితే నెలల తరబడి మంచముపై పండుకొన్నవానిని కోసిన మరునాడే నడువుమన్నచో వాడేమి నడుచును? ముందు తయారీకి పూర్వముకంటె ఇప్పుడు విలువ హెచ్చుటకు కారణమిదే.

ఉన్న మాట చెప్పవలెను. ముందుగా వ్యాయామము చేసినవారికిని చేయనివారికిని ఏడాది తరువాత అంత భేదము కనబడుటలేదని పలు పరిశోధనలు తెలుపుచున్నవి. లాభము ముఖ్యముగా తొలి వారములలోనిది: నొప్పి కొంత తక్కువ, లేచి తిరుగుట కొంత త్వరితము. "ఏడాదికి అందరును సమానమే గదా, ఇంత శ్రమ ఎందుకు?" అని అడుగువారుందురు. నెల జీతము వచ్చువారికి ఆ ప్రశ్న తగును. మనవానికి కూలి చీరకింత, మీటరుకింత. వాడు నేయని వారము పొయ్యి మీదికి వచ్చు వారము. అంతే గాదు, వానిని లేవదీసి పాయిఖానాకు తీసికొని పోవు కోడలో భార్యయో కండెలు చుట్టుట మానవలెను. ఒక మనిషి తుంటికి రెండు కూలీలు పోవును. తొలి వారములే మనకు ముఖ్యము.

ఇక చేయవలసినదేమి? మొదట ఫిజియోథెరపిస్టు చూచి, ఆ రోగికి తగినదేదో నిర్ణయింపవలెను. గుండె జబ్బు, తీవ్రమైన రక్తపోటు గలవారు డాక్టరు అనుమతి లేకుండ ఏదియు మొదలుపెట్టరాదు. సాధారణముగా చెప్పు అభ్యాసములు బహు సులభము, ఖర్చు లేనివి. వెల్లకిల పండుకొని మోకాలిక్రింద చుట్టిన తువాలు పెట్టి, మోకాలితో దానిని నొక్కి ఐదు లెక్కించి విడుచుట (షోలాపూరువారి ఇండ్లలో తువాళ్లకు కొదువ లేదు). పిరుదులు బిగించి విడుచుట. మడమను పక్కపై జార్చుచు మోకాలు మడిచి చాచుట. పాదములను పైకి క్రిందికి ఆడించుట. గోడనో మగ్గపు గుంజనో పట్టుకొని నిలిచి, నడుము వంగనీయకుండ కాలిని ప్రక్కకు చాపుట. ఎత్తయిన కుర్చీ నుండి మెల్లగా లేచి మెల్లగా కూర్చుండుట. ఒక్కొక్కటి పదేసి సార్లు, దినమునకు రెండు పూటలు, ఆరు వారములు. నొప్పి కొంత కలుగవచ్చును. మరునాటి ఉదయమునకు సర్దుకొన్నచో భయము లేదు. నిలిచియున్నచో తగ్గించి, మరల ఫిజియోథెరపిస్టును అడుగవలెను.

చేతుల విషయమున మనవారికి ఒక ధైర్యము కలదు, నేసిన చేతులు గదా యని. అది సగమే నిజము. పేకను కొట్టునపుడు మనము తనవైపునకు లాగుదుము. వాకరుపై నడుచునపుడు బరువునంతయు క్రిందికి నొక్కి మోయవలెను. లాగు బలము వేరు, నొక్కు బలము వేరు. కనుక కుర్చీ చేతులపై అరచేతులు పెట్టి శరీరమును పైకెత్తుట అభ్యసింపవలెను. వాకరు ముందే తెచ్చుకొని నొప్పి మందు మత్తు లేనప్పుడే నడక నేర్చుకొనుట మేలు. మెట్లెక్కునపుడు మంచికాలు ముందు, దిగునపుడు ఆపరేషన్ కాలు ముందు. ఈ చిన్న సూత్రము కోసిన తరువాత నేర్చుకొనుట కష్టము. ఇరుకు మెట్ల మేడగదులలో నుండు భివండి సాంచా కార్మికులకు ఇది మరీ అవసరము.

ఇదంతయు ముందుగా తేదీ నిర్ణయించిన ఆపరేషన్‌ల మాట. జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు ఇది వర్తింపదు. అప్పుడు వీలైనంతవరకు ఒకటి రెండు దినములలోనే ఆపరేషన్ కావలెను. కసరత్తు పేరుతో గాని, కట్టు వైద్యము పేరుతో గాని ఆలస్యము చేయుట ప్రాణాపాయము.

కండ ఒక్కటే తయారీ కాదు. చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి కోసినచోట చీము పట్టు భయము హెచ్చు. బీడీ, గుట్కా, పొగాకు కనీసము నాలుగు వారములు ముందే మానవలెను; మానిన గాయము త్వరగా మానును. పుచ్చుపళ్లు, కాలి పుండ్లు ఉన్నచో ముందే చూపించుకొనవలెను. రక్తము తక్కువైనవారు, ముఖ్యముగా మన స్త్రీలు, దానిని సరిచేసికొనవలెను. మరొక్క విషయము గట్టిగా చెప్పవలసియున్నది. నడుము నొప్పికని కీళ్ల నొప్పికని పేరు లేని పొట్లములలో అమ్ము మాత్రలలో స్టెరాయిడ్ కలిసియుండుట కద్దు. దానిని దీర్ఘకాలము మ్రింగినవారికి తుంటి బంతికి రక్తప్రసారము ఆగి ఎముక చచ్చిపోవచ్చును; అతిగా త్రాగువారికిని ఇదే గతి పట్టవచ్చును. నలుబది యేండ్లయినను నిండని వారికి తుంటి మార్పిడి కావలసి వచ్చుటకు ఇదొక కారణము. అట్టి మాత్రలు వాడినవారు సిగ్గుపడక డాక్టరుతో చెప్పవలెను. చెప్పకుండ, అకస్మాత్తుగా మానివేసి ఆపరేషన్‌కు పోవుట మిక్కిలి ప్రమాదము.

ఇంటి తయారీయు ఈ ఆరు వారములలోనే కావలెను. నేల పడక, పీటపై భోజనము, గొంతుకూర్చొను పాయిఖానా, ఇవి కొత్త తుంటికి పనికిరావు. వెనుకవైపు నుండి కోసి చేసిన ఆపరేషన్ తరువాత కొన్ని వారములపాటు తుంటిని లంబకోణము మించి మడువరాదనియు, కాలుపై కాలు వేయరాదనియు చాలమంది వైద్యులు చెప్పుదురు. ఎత్తు మంచము, ఎత్తు కుర్చీ, కమోడు ముందే సమకూర్చుకొనవలెను. మరి గుంట మగ్గము? గుంట అంచున కూర్చుండి కాళ్లు లోపలికి దింపి, ముందుకు వంగి నేయు మన ఆసనము తుంటికి ఎంత భారమో వైద్యులకు తెలియకపోవచ్చును. వారు మగ్గము చూచి యుండరు. మగ్గముపై కూర్చున్న ఫోటో ఒకటి తీసికొనిపోయి చూపి, తిరిగి ఎప్పుడు కూర్చుండవచ్చునో, అసలు కూర్చుండవచ్చునో లేదో అడుగుట మంచిది. వలదన్నచో ఫ్రేము మగ్గమునకు మారుట గూర్చి ఆసామితో ముందే మాట్లాడవలెను. 12 గంటల పాళీ నిలబడు సాంచా పనివానికి చిక్కు వేరు. అతనికి కొంతకాలము కూర్చుండి చేయు పని ఇచ్చుటకు యజమాని ముందే ఒప్పుకొనవలెను.

ఇప్పుడు డబ్బు మాట. 2018లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ పథకము అర్హులైన కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స కల్పించుచున్నది. 70 ఏండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ 2024 అక్టోబరులో దీనిని విస్తరించిరి. మంచి పనియే. అయితే ఆ పథకము ఆసుపత్రిలో చేరుటకు ముందు లెక్కకు తీసికొనునది 3 దినముల పరీక్షలు, మందులు మాత్రమే. తరువాత 15 దినములు. ఆరు వారములలో మూడు దినములు పోగా మిగిలినది ఎవరి ఖాతా? ఎవరిదియు కాదు. ఈ ఖాళీనే మన సంఘములు పూరింపవలెనని మా అభిప్రాయము. కీలు ధరలో కొంత భాగమిచ్చి ఫోటో దిగుటకంటె, ఫిజియోథెరపిస్టు వద్దకు నాలుగైదు సార్లు పోయివచ్చు ఖర్చు, ఒక వాకరు, ఒక కమోడు కుర్చీ, ఆరు వారముల కూలిలో కొంత బదులుగా ఇచ్చుట తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు. వాకరును కమోడు కుర్చీని సంఘమే కొని ఉంచినచో ఒకరి తరువాత ఒకరికి పనికివచ్చును. జిల్లా ఆసుపత్రులలో చాలచోట్ల ఫిజియోథెరపీ విభాగములున్నవి. అచ్చటికి పోవుట మనవారికి అలవాటు లేదు, అంతే.

"అర్జీదారు వ్యాయామము చేయుచున్నట్లు రుజువు చూపిననే సహాయము" అను నియమము పెట్టవలెనని కొందరు మిత్రులనుచున్నారు. మేము ఒప్పుకొనము. నొప్పితోనున్నవానిని పరీక్షించుట సంఘము పని కాదు. సౌకర్యము కల్పింపుడు, ఎట్లు చేయవలెనో చూపుడు, చేయువారు చేయుదురు.

చూపుటలోనే ఒక చిక్కున్నది. ఆసుపత్రిలో ఇచ్చు కాగితము షోలాపూరున మరాఠీలో, బరంపురమున ఒడియాలో, కంచిలో తమిళమున, బెంగుళూరున కన్నడములో ఉండును. మన ముసలమ్మలకు ఆ భాష మాటలలో వచ్చును గాని అక్షరములలో రాదు. పోనీ తెలుగులో అచ్చు వేయుదమన్నచో, తమిళ దేశమున మన పిల్లలు తెలుగు మాట్లాడుదురే గాని చదువలేరు. కనుక బొమ్మలతో ఒక పత్రము వేయించి, ప్రక్కన రెండు లిపులలో చిన్న మాటలు వ్రాయించుట యొక్కటే మార్గము. ఒక్కొక్క ఊరి శాఖ తన స్థానిక లిపిని చేర్చుకొనవచ్చును. ఫిజియోథెరపీ చదివిన మన బిడ్డలు ఇప్పుడు పలు ఊళ్లలో ఉన్నారు. ఈ పత్రము తయారీలో సాయపడగోరువారు తమ పేరు, ఊరు, ఏ లిపి వ్రాయగలరో తెలుపుచు తమ శాఖ కార్యదర్శికి వచ్చే నెలాఖరులోగా వ్రాయవలెనని కోరుచున్నాము.