ఇంటి చదువుకు తగిన పుస్తకాలు

పాఠశాలకు కావలసిన పుస్తకాలను ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పిల్లలకు ఇంటనే చదువు చెప్పుకొనే కుటుంబంలో ఆ బాధ్యత తల్లిదండ్రులపై పడుతుంది. అంగడి నిండా గైడ్లు, ప్రశ్నావళులు, రంగురంగుల సంపుటాలు కనిపిస్తాయి. ఖరీదైనదే మేలైనదన్న భ్రమతో వాటిని కొని బీరువాలో పేర్చే ఇళ్లు లేకపోలేదు. కాని పుస్తకం విలువ దాని వెలలో లేదు. చదివినవారి ఆలోచనను కదిలించడంలో ఉంది. ఈ సత్యాన్ని నెల్లూరు జిల్లా మూడు దశాబ్దాల క్రితమే చాటింది.

1990వ దశకం ఆరంభంలో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలి పనులు చేసిన స్త్రీలు రాత్రివేళ వాచకాలు చేతపట్టారు. అందులోని సీతమ్మ కథ రాజుల కథ కాదు. సారా వల్ల చితికిపోయిన సంసారం కథ. చదివిన స్త్రీలకు అది తమ ఇంటి కథగానే తోచింది. అక్షరం వెంట చర్చ, చర్చ వెంట నిర్ణయం వచ్చాయి. దూబగుంట స్త్రీలు ఏకమై తమ ఊరిలో సారా అమ్మకాన్ని ఆపించారు. వారి విజయం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. ఇదంతా వాచకం చేసిన పనే అనడం అతిశయోక్తి. ఆ స్త్రీల వేదన, ధైర్యమే దానికి మూలం. అయితే ఆ వేదనకు మాటలిచ్చినది వాచకమే.

పెద్దలకు వర్తించిన ఈ సూత్రం పిల్లలకూ వర్తిస్తుంది. ఇస్కపల్లి ఉప్పు మడుల చెంత పెరిగే బాలునికి బాష్పీభవనం కంటి ముందే జరుగుతూ ఉంటుంది. దాని కారణాన్ని సులభమైన తెలుగులో వివరించే చిన్న పుస్తకం, నిర్వచనాలు వల్లెవేయించే పెద్ద గ్రంథం కంటె మేలు చేస్తుంది. పక్షుల పుస్తకం చదివిన బాలిక నేలపట్టు చెట్లపై గూడబాతుల గూళ్లను చూస్తే, చదివినది నిజమో కాదో తానే తేల్చుకొంటుంది. చదివినదాన్ని పరీక్షించి చూసే అలవాటే విద్యకు ప్రాణం.

అలాగని పరిసరాలకే పరిమితమైతే బిడ్డ నూతిలో కప్ప అవుతుంది. ఇంటి చదువులో ఈ ప్రమాదం ఎక్కువ. తల్లిదండ్రులకు నచ్చినదే బిడ్డకు లోకమైపోవచ్చు. అందుచేత దూరదేశాల జీవితాన్ని, ఇంటివారి అభిప్రాయాలకు భిన్నమైన భావాలను పరిచయం చేసే పుస్తకాలకూ చోటుండాలి. జపాను రచయిత్రి టెట్సుకో కురోయనాగి 1981లో ప్రచురించిన తన బాల్యస్మృతులు ‘రైలుబడి’ పేరుతో తెలుగులోనూ లభిస్తున్నాయి. పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా నడిచిన ఆ బడి కథ, చదువు ఇలాగే ఉండాలన్న నియమం లేదని పిల్లలకూ పెద్దలకూ తెలుపుతుంది.

పాఠ్యపుస్తకాలను త్రోసిపుచ్చడమూ తగదు. బడికి వెళ్లకుండానే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదవ తరగతి పరీక్ష రాయవచ్చు. దానికి క్రమబద్ధమైన చదువు అవసరం. తక్కినవాటికి గ్రంథాలయం ఉంది. ముందు అరువు తెచ్చి చదివించి, బిడ్డ మళ్లీ అడిగిన పుస్తకాన్నే కొనడం పేద కుటుంబానికి సైతం సాధ్యమైన మార్గం. పుస్తకం మూసిన తర్వాత బిడ్డ ఒక ప్రశ్న వేస్తే, ఆ ఎంపిక సార్థకమైనట్లే.