మాత్రల లెక్క రోగికేనా?

2022 జులైలో ఢిల్లీలోని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కార్యాలయం వద్ద హెచ్‌ఐవీ బాధితులు నెలకు పైగా బైఠాయించారు. వాళ్లు అడిగింది రోజూ వేసుకునే మాత్రలే. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో నెల మందులకు బదులు కొద్దిరోజులకు సరిపడా ఇచ్చి పంపేస్తున్నారన్నది ఫిర్యాదు. దేశంలో నిల్వలకు కొరత లేదని ప్రభుత్వం బదులిచ్చింది. గోదాములో ఉండి రోగి చేతికి అందని మందు ఉన్నట్టా, లేనట్టా?

ఈ జబ్బులో మందు మధ్యలో ఆగితే నష్టం ఆ నాలుగు రోజులతో పోదు. హెచ్‌ఐవీ తన జన్యువులకు నకలు తీసుకునేటప్పుడు తరచూ తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకునే ఏర్పాటు దానికి లేదు. చికిత్స అందని శరీరంలో రోజుకు వెయ్యి కోట్ల దాకా కొత్త వైరస్‌లు పుడతాయి. అన్ని వైరస్‌లలో ఏదో ఒక మందుకు లొంగనిది ముందే పుట్టి ఉంటుంది. మందు దాన్ని సృష్టించదు. మిగతావాటిని అణచి దానికి చోటిస్తుంది. 1987లో అనుమతి పొందిన ఏజెడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందును ఒంటరిగా వాడితే, 1989కల్లా దానికి లొంగని వైరస్ రోగుల్లో బయటపడింది. లామివుడిన్ అనే మరో మందును ఓడించడానికి ఒకే ఒక్క జన్యుమార్పు చాలు. 1996 నాటికి మూడు మందుల కలయిక వచ్చింది అందుకే. మూడింటినీ ఒకేసారి తప్పించుకునే మార్పులన్నీ ఒకే వైరస్‌లో కలిసిరావడం బహు అరుదు.

మందులు తగినంతగా రక్తంలో ఉన్నంతకాలమే ఆ రక్షణ. మన కేంద్రాల్లో చాలాకాలం ఇచ్చిన నెవిరపిన్‌నే చూడండి. మాత్రలన్నీ ఒకేరోజు ఆగినా అది ఒంట్లో రోజుల తరబడి నిలుస్తుంది, జతగా ఇచ్చిన లామివుడిన్ అంతకన్నా ముందే తగ్గిపోతుంది. అంటే రోగి తనకు తెలియకుండానే ఒంటిమందు మీద పడతాడు. వైరస్‌కు కావలసిందీ అదే.

ఇప్పుడు వాడుతున్న డొలుటెగ్రావిర్‌ను ఓడించడం కష్టమే. కానీ ధీమా పనికిరాదు. ఆ మందు వాడుతూ కూడా వైరస్ అదుపులోకి రానివారిలో 3.9 నుంచి 8.6 శాతం మందికి నిరోధకత కనిపించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక తెలిపింది.

కేంద్రానికి వెళితే మిగిలిన మాత్రలు లెక్కబెట్టి మరీ రోగిని నిలదీస్తారు. సరఫరా తప్పిన రోజుల లెక్క ఎవరు అడగాలి? పైగా 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం 14వ సెక్షన్ ఈ చికిత్సను ‘సాధ్యమైనంత మేరకు’ అందిస్తే చాలంటోంది. హైదరాబాద్, విశాఖ ఫార్మా కంపెనీలు ఈ మందులను ఎన్నో దేశాలకు ఎగుమతి చేస్తున్న దేశంలో ఈ మినహాయింపుకు అర్థమే లేదు. టెండర్ల జాప్యం సాకు కాకూడదు. ప్రతి కేంద్రంలోనూ కనీసం మూడు నెలల నిల్వ తప్పనిసరి చేయాలి, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష ఏ రోగికీ తప్పిపోకూడదు. 14వ సెక్షన్‌లోని ఆ మినహాయింపును పార్లమెంటు వెంటనే తొలగించాలి.