వల కింద ఎంత వెలుతురు మిగులుతోంది?

ఎండలు ముదిరేసరికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతులకు అందే సలహా ఒక్కటే: షేడ్‌నెట్ వేసుకోండి. టమాటా పూత రాలుతోందన్నా, కాప్సికం కాయ మాడుతోందన్నా, ట్రేలలో నారు వడిలిపోతోందన్నా అదే మాట. ఏ పంటకు, ఏ నెలల్లో, ఎంత నీడ, ఏ రంగు వల, ఎంత ఎత్తున అని అడిగితే మాత్రం సలహా అక్కడితో ఆగిపోతుంది. చివరికి దుకాణంలో 50, 75, 90 అని రాసి పెట్టిన చుట్టల ముందు నిలబడి, మన దగ్గర ఎండ ఎక్కువ కాబట్టి 75 తీసుకుంటే మేలనే లెక్కకు రైతు వచ్చేస్తాడు. ఆ లెక్క తప్పు. 75 అన్న అంకె ఎంత వేడి తగ్గుతుందో చెప్పదు, ఎంత వెలుతురు ఆగిపోతుందో చెబుతుంది. 75 శాతం వల కింద మొక్కకు మిగిలేది నాలుగో వంతు వెలుతురు. కాయ కాసి డబ్బు తెచ్చే ఏ కూరగాయ పంటా ఏడాది పొడవునా నాలుగో వంతు వెలుతురుతో గిట్టుబాటు కాదు. వేసవి నుంచి మొక్కను కాపాడే పేరుతో మిగతా తొమ్మిది నెలలూ దాన్ని చీకట్లో ఉంచే పద్ధతికి ప్రభుత్వమే సబ్సిడీ ఇస్తుంటే, దాన్ని ఎవరూ ప్రశ్నించకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

షేడ్‌నెట్ మీద ఇంతవరకూ జరిగిన చర్చంతా ఉష్ణోగ్రత చుట్టూ, సబ్సిడీ చుట్టూ తిరిగింది. అందులో కనిపించని అంకె ఒకటి ఉంది. గ్రీన్‌హౌస్ సాగులో ప్రపంచానికి దారి చూపిన నెదర్లాండ్స్‌లో, వాగెనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అనేక పంటల ఫలితాలను క్రోడీకరించి 2006లో ఒక లెక్క ప్రచురించారు. కాయ కూరగాయల్లో వెలుతురు ఒక శాతం తగ్గితే దిగుబడి సుమారు 0.7 నుంచి 1 శాతం తగ్గుతుందన్నది దాని సారం. అక్కడి రైతులు దీన్ని గుండెల మీద రాసుకున్నట్టు పాటిస్తారు. అద్దం మీద దుమ్ము పట్టినా, పైన ఒక ఇనుప కమ్మీ అడ్డం వచ్చినా ఎంత దిగుబడి పోతుందో లెక్క వేసుకుంటారు. ఒక శాతానికి ఒక శాతం. మనం మాత్రం ఒకే దెబ్బకు 75 శాతం వెలుతురును ఆపేసి, కాపు ఎందుకు పలచబడిందని విత్తనాన్ని, ఎరువును, బోరు నీటిని తప్పుపడుతున్నాం.

హాలెండ్ ఎండ వేరు, రాయలసీమ ఎండ వేరు అన్న అభ్యంతరం వెంటనే వస్తుంది. అందులో నిజం ఉంది, కానీ సగమే. మన వేసవిలో మొక్క వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వెలుతురు పడుతుంది. దేశం ఏరికోరి కదిరి దగ్గర నంబులపూలకుంటలో భారీ సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండను చూసే. ఏప్రిల్‌లో ఈ ప్రాంతంలో చదరపు మీటరు నేల మీద రోజుకు సుమారు ఆరున్నర కిలోవాట్ గంటల సౌరశక్తి పడుతుంది. మొక్క ఆహారం తయారుచేసుకోవడానికి పనికొచ్చే వెలుతురుగా మారిస్తే అది 45 నుంచి 50 మోల్‌ల (వెలుతురు కణాలను లెక్కించే కొలమానం) మధ్య ఉంటుంది. టమాటా, కాప్సికం బాగా కాయడానికి రోజుకు 20 నుంచి 30 మోల్‌లు కావాలి. అంటే ఏప్రిల్, మే నెలల్లో మూడో వంతు నుంచి సగం దాకా వెలుతురును వదులుకున్నా నష్టం లేదు, పైగా కాయ మాడకుండా ఉంటుంది. 35 శాతం వల, 50 శాతం వల ఆ నెలలకు సరైన ఎంపికలే. అదే ఏప్రిల్‌లో 75 శాతం వల వేస్తే మిగిలేది 12 మోల్‌లు. అది నారుకు సరిపోతుంది, ఆకుకూరలకు సరిపోతుంది, కాయ పంటకు చాలదు. ఇక జులై, ఆగస్టుల్లో మబ్బులు కమ్ముకుని సౌరశక్తి ఐదు కిలోవాట్ గంటలకు అటూఇటూగా పడిపోతుంది. వానకాలంలో వేడి లేదు, వల మాత్రం పైనే ఉంటుంది. అప్పుడు 50 శాతం వల కింద కూడా 17, 18 మోల్‌లే మిగులుతాయి, 75 శాతం వల కింద తొమ్మిదే. మిగులు అన్నది లేని ఆ నెలల్లో హాలెండ్ లెక్క నేరుగా పెనుకొండ పొలంలోకి వచ్చేస్తుంది. ఒక శాతానికి ఒక శాతం పోతూనే ఉంటుంది. కాబట్టి వల ఎంత మందం అన్న ప్రశ్న కన్నా, అవసరం తీరాక దాన్ని పక్కకు లాగగలమా అన్నది పెద్ద ప్రశ్న. మన దగ్గర కట్టే షేడ్‌నెట్ హౌసుల్లో సాధారణంగా వలను పైపులకు బిగించి వదిలేస్తారు, చిరిగేదాకా అది అక్కడే ఉంటుంది.

వేడి విషయంలోనూ వల మీద పెట్టుకున్న ఆశ అతిగా ఉంది. వల ఆపేది ఎండను, గాలిలోని వేడిని కాదు. గాలి బాగా ఆడే చోట వల లోపలి గాలి బయటి గాలికన్నా కొద్ది డిగ్రీలు మాత్రమే చల్లగా ఉంటుంది. వల వల్ల నిజంగా చల్లబడేవి ఆకు, కాయ, నేల. ఇది చిన్న మేలేమీ కాదు, కాయ మీద ఎండదెబ్బ మచ్చలు తగ్గేది దీనివల్లే. కానీ టమాటా పూత రాలడానికి మూలం చాలాసార్లు రాత్రి వేడిలో ఉంటుంది. పిందె కట్టడానికి 15 నుంచి 20 డిగ్రీల రాత్రులు అనుకూలం. 24, 25 దాటితే పుప్పొడి పనిచేయదు, పూత రాలిపోతుంది. మే నెలలో ధర్మవరం వైపు రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. ఆ సమయంలో వల చేయగలిగింది ఏమీ లేదు. పైగా నేల నుంచి ఆకాశంలోకి పోవాల్సిన వేడిని అది కొంత అడ్డుకుంటుంది కూడా. పూత రాలుతోందని మరింత మందం వల వేసిన రైతు రాత్రి వేడి బాధ అలాగే ఉంచుకుని, పగటి వెలుతురును కూడా పోగొట్టుకుంటున్నాడు. వేడి బయటికి పోవాలంటే ఎత్తు కావాలి, పక్కల నుంచి గాలి ఆడాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టేంత గాలి ఉన్న ప్రాంతం ఇది. అలాంటి చోట నిర్మాణాన్ని తక్కువ ఎత్తులో కట్టి, నాలుగు వైపులా దట్టమైన వలతో మూసేసి, లోపల ఉక్కగా ఉందంటే పైన మరో పొర వేయమనడం ఏ లెక్కకూ నిలవదు.

తెల్లదోమ, తామరపురుగులు రాకుండా పక్కలు మూయక తప్పదని ఉద్యాన అధికారులు చెబుతారు. వైరస్ తెగుళ్లు చూసిన ఎవరూ ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేరు. కానీ పురుగును ఆపే సన్నకన్ను వల వేరు, ఎండను ఆపే వల వేరు. సన్నకన్ను వల గాలిని తగ్గిస్తుంది కాబట్టి, దాన్ని వాడే నిర్మాణానికి ఎత్తు పెంచాలి, పక్కల గాలి వచ్చే వైశాల్యం పెంచాలి. ఆ అదనపు ఎత్తుకు ఖర్చు పెట్టకుండా, నీడ వలనే పక్కలకు కూడా చుట్టేస్తే పురుగూ ఆగదు, గాలీ ఆడదు.

రంగు సంగతి మరీ అన్యాయం. పచ్చ వల చూస్తే కంటికి చల్లగా ఉంటుంది, అందుకే అంతటా పచ్చ వలే. మొక్క ఎక్కువగా వాడుకునేది ఎరుపు, నీలం వెలుతురు. తక్కువగా వాడుకునేది ఆకుపచ్చ. పచ్చ వల ఎరుపును, నీలాన్ని ఎక్కువగా మింగేసి ఆకుపచ్చను కిందికి పంపుతుంది. నల్ల వల అన్ని రంగుల్నీ ఇంచుమించు సమానంగా ఆపుతుంది. తెల్ల వల, అల్యూమినియం పూత వల ఎండను వెనక్కి కొట్టి, తామూ తక్కువ వేడెక్కుతాయి. తెల్లటి వల వెలుతురును చెదరగొట్టి కింది ఆకులకు కూడా చేరుస్తుంది. ఇజ్రాయెల్‌లోని వోల్కాని సంస్థలో యోసెఫా షహాక్ బృందం ఏళ్ల తరబడి చేసిన పని అంతా ఏ పంటకు ఏ రంగు వల అన్న ప్రశ్న మీదే సాగింది. మన సభల్లో ఇజ్రాయెల్ పేరు వినపడని వ్యవసాయ ఉపన్యాసం ఉండదు. అక్కడి డ్రిప్పు పేరు తెచ్చుకున్నాం, వల పేరు తెచ్చుకున్నాం, ఆ ప్రశ్నను మాత్రం అక్కడే వదిలేసి వచ్చాం.

ఒకే జిల్లాలో కూడా ఒకే వల సరిపోదన్నది మరో నిజం. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తున ఉంది, ధర్మవరం సుమారు 345 మీటర్ల ఎత్తున. ఆ తేడా ఒక్కదానివల్లే ఉష్ణోగ్రతలో ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీల తేడా వస్తుంది. పెనుకొండ కొండల గాలి తీరు మళ్లీ వేరు. వేసవిలో ధర్మవరం కాప్సికంకు 50 శాతం వల అవసరమైతే, హిందూపురంలో 35తో సరిపోయే తోటలు ఉంటాయి. ధర్మవరం దుమ్ము వల కళ్లలో పేరుకుంటే 50 శాతం వల నీడ ఆ అంకె దాటిపోతుంది, కడిగేదాకా దిగదు. ఇంకో ముఖ్యమైన తేడా పట్టు రైతుల దగ్గర ఉంది. ధర్మవరం మగ్గాలకు, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు పేరున్న ఈ ప్రాంతంలో దట్టమైన వలకు నిజంగా పని ఉన్న చోటు పట్టుపురుగుల షెడ్డు. చాకీ దశలోని చిన్న పురుగులకు 27, 28 డిగ్రీలు, పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు ఉండాలి. రేకుల కప్పు మీద కొంత ఎత్తున, మధ్యలో గాలి ఆడేలా 75 శాతమో 90 శాతమో వల పరిస్తే కప్పు వేడి బాగా తగ్గుతుంది. అక్కడ వెలుతురు పోయినా నష్టం లేదు. అదే వలను మల్బరీ తోట మీద వేస్తే ఆకు పలచబడుతుంది. వస్తువు ఒక్కటే, పని వేరు. హిందూపురం పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. షెడ్డుకు ఏ వల, తోటకు ఏ వల అన్నది కొలిచి చెప్పగలిగిన మనుషులు మన గడపలోనే ఉన్నారు.

ఇంత తేడా ఉన్న వస్తువును సబ్సిడీ పథకం చదరపు మీటర్లతో కొలుస్తోంది. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో గొట్టాలతో కట్టే షేడ్‌నెట్ హౌసుకు చదరపు మీటరుకు 710 రూపాయలు లెక్కకట్టి, ఒక్కొక్కరికి 4,000 చదరపు మీటర్ల దాకా సగం ఖర్చు ఇచ్చారు. పూర్తి విస్తీర్ణానికి కడితే ఖర్చు 28 లక్షల 40 వేలు, ప్రభుత్వ వాటా 14 లక్షల 20 వేలు. తర్వాత రేట్లు, హద్దులు సవరించినా విస్తీర్ణమే కొలమానంగా ఉండిపోయింది. ఇంత డబ్బు ఇచ్చేవాళ్లు పైపు మందం చూస్తారు, విస్తీర్ణం కొలుస్తారు, ఫొటో తీస్తారు. వల కింద ఎంత వెలుతురు మిగిలిందో కొలవరు. లక్స్ మీటరు ధర వెయ్యి, రెండు వేల రూపాయలు. మధ్యాహ్నం వల బయట ఒకసారి, లోపల ఒకసారి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది. షేడ్‌నెట్లకు ఐఎస్ 16008 పేరుతో భారతీయ ప్రమాణం ఉంది. టేపు నూలుతో అల్లినవాటికి ఒక భాగం, మోనోఫిలమెంట్ నూలుతో అల్లినవాటికి మరో భాగం. ఆ ప్రమాణం ప్రకారం చుట్ట మీద రాసిన అంకె నిజమో కాదో పొలంలో సరిచూసే అలవాటు లేకపోతే ప్రమాణం కాగితంగానే మిగులుతుంది.

వల నీటిని ఆదా చేస్తుంది కదా, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట అదే చాలదా అని అడిగేవారున్నారు. నీరు ఆదా అవుతుంది, నిజమే. కానీ బోరు నీటికి విలువ కట్టాల్సింది ఎంత తక్కువ వాడామన్న దానితో కాదు, ఒక్కో వెయ్యి లీటర్లకు ఎన్ని కిలోలు పండించామన్న దానితో. సగం నీరు వాడి మూడో వంతు పంట తీస్తే అది ఆదా ఎలా అవుతుంది? తీసి వేసే వల ఖర్చు ఎక్కువన్నది రెండో వాదన. షేడ్‌నెట్ హౌసులో ఖర్చంతా పైపులది, పునాదులది. వల దానిలో చిన్న భాగం. తీగల మీద జరిగేలా వల అమర్చడానికి అయ్యే అదనపు ఖర్చు, ఏడాదిలో రెండు వానకాలపు నెలల దిగుబడి పోయే నష్టం ముందు ఎంత? లక్షలు పైపుల మీద పోసి, ఆ పైపుల మీద ఏ వల కూర్చోవాలో దుకాణదారుకు వదిలేయడం పొదుపు కాదు, బాధ్యత వదులుకోవడం.

కాయ పంటల మీద శాశ్వతంగా బిగించే 75 శాతం వలకు సబ్సిడీ ఇవ్వడం ఇప్పుడే ఆపాలి. నారుకు, ఆకుకూరలకు, పట్టుపురుగుల షెడ్డుకు దట్టమైన వల అడిగితే ఇవ్వండి. టమాటా, కాప్సికం, కీరా అని దరఖాస్తులో రాసిన రైతుకు జరిపే వీలున్న 35 లేదా 50 శాతం వల, అందులోనూ తెల్లది గానీ నల్లది గానీ, తగినంత ఎత్తున కడితేనే బిల్లు మంజూరు చేయండి. తనిఖీ పత్రంలో లోపలి వెలుతురు, బయటి వెలుతురు అని రెండు గళ్లు చేర్చండి. ఆ రెండు గళ్లు ఖాళీగా ఉన్న దరఖాస్తు మీద సంతకం చేసే అధికారి, రేపు పూత రాలిపోయి ఆఫీసు మెట్లెక్కిన రైతుకు ఎండ ఎక్కువైందని చెప్పడానికి వీల్లేదు.