చిత్రావతి నీటిపై ఎగువ, దిగువల పొత్తు కుదిరేనా?

పెన్న, జయమంగళి, చిత్రావతి - యీ మూడూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చేది కర్ణాటక నుంచే. అక్కడి చెరువులు నిండి మరవ పారితేనే యిక్కడ యేట్లో నీరు కనిపిస్తుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ యిటూగా వాన పడే సీమ మనది. ఆ కాస్తా కొద్ది రోజుల్లోనే కురిసి పోతుంది. కనుక బుక్కపట్నం, ధర్మవరం చెరువుల కింది రైతులకు ఎగువ సంగతులు పరాయి సంగతులు కావు.

యీ తగాదా పాతదే. 1892లో మద్రాసు ప్రభుత్వమూ, మైసూరు సంస్థానమూ ఒడంబడిక చేసుకున్నాయి. జాబితాలోని నదులపై మద్రాసు ముందస్తు సమ్మతి లేకుండా మైసూరు కొత్త నీటి పనులు చేపట్టరాదన్నది దాని సారాంశం. ఆ జాబితాలో పెన్న, చిత్రావతి రెండూ వున్నాయి. బాగేపల్లి దగ్గర పరగోడు కట్టడంపై 2003 ప్రాంతంలో గొడవ రేగినపుడు మనవైపు వారు ముందు పెట్టినది యీ ఒడంబడికనే. తాగునీరు కావాలని బాగేపల్లి, గుడిబండల వారు, చెరువులు ఎండిపోతాయని మనవారు. ఎవరి బాధ వారిది. నిజం చెప్పాలంటే రెండు బాధలూ నిజమైనవే. అయితే 1892 నాటి కాగితం ఏమి కట్టకూడదో చెప్పిందేగాని, వాన పడిన నాడు ఎవరు ఎవరికి కబురు చేయాలో, మిగులు నీటిని ఏ చెరువుకు మళ్ళించాలో చెప్పలేదు.

ఆ లోటు ఎంతటిదో 2021 నవంబరులో తెలిసివచ్చింది. చిత్రావతి ఒక్కసారిగా పొంగగా చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర నది మధ్య చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి కాపాడింది. కరువు సీమ అని పేరుపడ్డ చోట ఇంత నీరు కళ్ళముందే దిగువకు పోయింది.

ఇక ఎగువన జరుగుతున్న మరో మార్పును మన రైతాంగం గమనించాలి. బెంగుళూరులో వాడి వదిలేసిన నీటిని శుద్ధిచేసి 2018 జూన్ నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. పూర్తిగా వస్తే ఏడాదికి ఐదున్నర టి.ఎం.సి.ల పైమాటే. చిక్కబళ్ళాపురం వైపు మరో పథకం రోజుకు 21 కోట్ల లీటర్లది. ఎండిన చెరువుల్లో నీరు నిలిస్తే చుట్టుపక్కల బోర్లకు ప్రాణం వస్తుంది. అది మెచ్చుకోదగినదే. కాని నీటిని రెండు దశల్లో మాత్రమే శుద్ధి చేస్తున్నారనీ, మూడో దశ కూడా కావాలనీ అక్కడి రైతులే ఆందోళన చేశారు. 2018 జూలైలో కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది. వ్యవహారం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. కోలారు సంగతి మనకు నేరుగా తగలకపోవచ్చు. చిక్కబళ్ళాపురం జిల్లా అలాకాదు, పెన్నకూ చిత్రావతికీ పుట్టినిల్లు అదే. మంచి వాన పడిన ఏడు ఆ చెరువులు మరవ పారితే ఏ నీరు దిగివస్తుందో తెలుసుకునే హక్కు దిగువ వారికి వుంది. ఆ నీటి పరీక్షల లెక్కలు మన అధికారుల చేతికి క్రమంగా అందే ఏర్పాటు జరగాలి.

ఎగువ వారిని అడిగే ముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. 1997 చట్టం కింద చెరువులకు నీటి సంఘాలు ఏర్పడ్డాయి. 2024 డిసెంబరులో వాటికి ఎన్నికలు కూడా జరిగాయి. సంఘం చూసేది తన కట్ట, తన తూము, తన ఆయకట్టు. పై చెరువు మరవకూ కింది చెరువుకూ మధ్య వున్న వంక ఎవరిదీ కాదు! అందుకే అది కంపతో నిండుతుంది, లేదా పక్క పొలంలో కలిసిపోతుంది. పూడిక తీసిన చెరువుకు నీరు చేరకపోతే ఆ ఖర్చంతా గుంత తవ్వినట్లే. ఒక వంకపై వున్న సంఘాలన్నీ కలిసి ఆ వంక బాధ్యత తీసుకునేలా నియమం రావాలి.

రాష్ట్రాల స్థాయిలో చర్చలు ఎప్పటికి తెమిలేనో చెప్పలేము. వాటికోసం కాచుకు కూర్చోనక్కరలేదు. బాగేపల్లి వైపు పంచాయతీల వారూ, బుక్కపట్నం, ధర్మవరం చెరువు సంఘాల వారూ వానాకాలానికి ముందు ఒకచోట కూర్చోవచ్చు. కట్టడాల వద్ద నీటిమట్టం ఎంత, గేట్లు ఎప్పుడు ఎత్తుతారు, కబురు ఎవరికి చేయాలి అన్నవి మాట్లాడుకోవచ్చు. ఇద్దరు కలెక్టర్లు సరేనంటే దీనికయ్యే ఖర్చు బస్సు చార్జీలే.